తేయాకులోని చేదు

నల్లని తేయాకును పచ్చని తేయాకును వేర్వేరు మొక్కలనుండి వచ్చునని పలువురు తలంతురు. కాని రెండును ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును నలిపి గాలి తగులనిచ్చినచో అది రంగు మారి నల్లబడును. అట్లు మారకమునుపే వేడి తగిలించి ఆరబెట్టినచో పచ్చదనము నిలుచును. ఇందులకై జపానువారు ఆకును ఆవిరిపట్టుదురు. చీనావారు ఎక్కువగా బాణలిలో వేయింతురు. ఈ పచ్చ తేనీటిని అక్కడివారు పాలు కలుపకయే త్రాగుదురు. క్రొత్తవారికి అది చేదుగను వగరుగను ఉండును. చక్కెర వేసి ఆ చేదును మఱుగుపఱచువారు కలరు గాని, తేయాకు విశేషమంతయు ఆ చేదులోనే యున్నది.

దక్షిణాఫ్రికాలో 1899 మొదలు 1902 వఱకు జరిగిన యుద్ధమున బ్రిటిషు సైనికులు శత్రువుల గుండ్లకంటె రోగములచేతనే ఎక్కువగా మరణించిరి. ఆ రోగములలో టైఫాయిడు ముఖ్యమైనది. 1906వ సంవత్సరమున మెక్‌నాట్ అను బ్రిటిషు సైనిక వైద్యుడు తేనీటిలో టైఫాయిడు క్రిములను వేసి పరీక్షించెను. కొన్ని గంటలలో వాని సంఖ్య మిక్కిలి తగ్గెను. సైనికులు తమ సీసాలలో తేనీరు నింపుకొనుట మేలని ఆయన సూచించెను. ఆయన పరీక్షించినది నల్ల తేనీరు. పచ్చ తేయాకులోని చేదు పదార్థమును వేరుచేసి చూపుటకు మఱి యిరువది సంవత్సరములకు పైగా పట్టినది.

ఆ పని చేసినది మిచియో త్సుజిమురా అను జపాను వనిత. ఆమె 1888లో జన్మించెను. 1920లో హొక్కైడో విశ్వవిద్యాలయమున పరిశోధన చేయ గోరగా, అచట స్త్రీలకు ప్రవేశము లేదనిరి. ఆమె వెనుదిరుగలేదు, జీతము లేని సహాయకురాలుగా చేరి పట్టుపురుగుల పోషణమును పరిశోధించెను. పిదప టోక్యో చేరగా, 1923 నాటి మహాభూకంపమున ఆమె పనిచేయు ప్రయోగశాల నాశమయ్యెను. అంతట ఆమె రికెన్ పరిశోధనాలయమున ఉమెతారో సుజుకికడ చేరెను. బియ్యపు తవుడునుండి బి1 విటమినును వేరుచేసిన శాస్త్రవేత్త ఆయనయే. అచట 1924లో ఆమెయు, సెయితారో మియూరా అను సహచరుడును పచ్చ తేయాకులో సి విటమిను కలదని కనుగొనిరి. 1929లో ఆమె కాటెకిన్ అను చేదు పదార్థమును వేరుచేసెను. 1932లో వ్యవసాయశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన తొలి జపాను మహిళ యయ్యెను.

కాటెకిన్ అను పేరు మనకు దూరమైనది కాదు. తాంబూలములో వేసికొను కాచునుండియే ఆ పేరు పుట్టినది. కాచులోని వగరునకును ఈ జాతి పదార్థములే కారణము. ఇవి సూక్ష్మజీవి పైపొరకు అంటుకొని దానిని చెడగొట్టును. దంతములను పుచ్చజేయు క్రిములు చక్కెరనుండి జిగురు తయారుచేసికొని పంటిపై పాతుకొనును. ఆ జిగురు పుట్టుటను కూడ కాటెకిన్‌లు అడ్డగించును.

అయినను గాజుగొట్టములో జరిగినదెల్ల కడుపులోను జరుగునని తలచుట పొరపాటు. త్రాగిన కాటెకిన్‌లలో రక్తమున చేరునది స్వల్పము; చేరినదియు త్వరలోనే మార్పు చెందును. కావున టైఫాయిడు వచ్చినవానికి వైద్యుడిచ్చు మందే శరణ్యము గాని తేనీరు కాదు. నోటిలో మాత్రము అది పండ్లకు నేరుగా తగులును గనుక అచట కొంత మేలు చేయును. ఇక తేనీరు త్రాగువారు నీటివలన వచ్చు జబ్బులనుండి తప్పించుకొనుటకు ముఖ్యకారణము ఆకు కాదు, నీటిని మరిగించుటయే. కేవలము వేడిచేసిన నీరు చాలదు. మరిగిన నీటిని కొంచెము చల్లార్చి, డెబ్బది ఎనుబది డిగ్రీల వేడిలో ఆకు వేసినచో చేదు మితముగా దిగును.

పాలు పోసినచో పాలలోని మాంసకృత్తులు కాటెకిన్‌లను పట్టుకొనును. భోజనముతోపాటు త్రాగినచో ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టకుండ అవి అడ్డుపడును. అందుచే రక్తహీనత గల బాలబాలికలు భోజనమైన గంటకు గాని తేనీరు ముట్టరాదని వైద్యులు చెప్పుదురు.