నానో ఉత్ప్రేరకం: ద్విపాత్రాభినయంలో ఉద్యోగం

నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి లెక్క ప్రకారం సుమారు 39 యూనిట్ల కరెంటు చాలు. ప్లాంటులో మాత్రం 50 దాటుతుంది. ఆ వృథాలో పెద్ద వాటా ఎలక్ట్రోడ్ల దగ్గరిదే. దాన్ని తగ్గించేవే ఉత్ప్రేరకాలు.

ఒక ఎలక్ట్రోడ్ మీద హైడ్రోజన్, రెండోదాని మీద ఆక్సిజన్ పుడతాయి. మొదటిదానికి ప్లాటినం, రెండోదానికి ఇరిడియం ఆక్సైడ్ పేరుపడ్డవి. రెండూ అరుదే, ఖరీదే. నికెల్, కోబాల్ట్, ఇనుము లాంటి లోహాల ఫాస్ఫైడ్లను నానో పరిమాణంలో తయారుచేస్తే క్షార ద్రావణంలో రెండు పనులూ చేస్తాయి. అచ్చంగా ద్విపాత్రాభినయం! కాకపోతే ఆక్సిజన్ వైపు ఫాస్ఫైడ్ పైపొర కాసేపటికే ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది. అంటే రెండో వేషం కట్టింది వేరే నటుడన్నమాట. ఈ గుట్టు పట్టుకోవడంలోనే అసలు పరిశోధన ఉంది.

కొలతల్లోనూ మాయలున్నాయి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉండే ఇనుము జాడలు చాలు, నికెల్ పనితనం అమాంతం పెరగడానికి. ప్లాటినాన్ని కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా (శాంపిల్‌కు ఎదురుగా ఉండే రెండో ఎలక్ట్రోడ్‌గా) పెడితే అది కొద్దికొద్దిగా కరిగి మన శాంపిల్ మీదికే చేరొచ్చు. పని ప్లాటినానిది, పేరు మనది!

ఈ పరిశోధనలోకి రావాలంటే బీఎస్సీ వాళ్లకు జామ్, ఎమ్మెస్సీ వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్, బీటెక్ వాళ్లకు గేట్ దారి. నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, పైన ఇంటద్దె భత్యం. హైదరాబాద్‌లో ఐఐసీటీ, హెచ్‌సీయూ, ఏఆర్‌సీఐ, కందిలో ఐఐటీ, తిరుపతిలో ఐఐటీ, ఐసర్ మన ముంగిట్లోనే ఉన్నాయి.

ఇక ఉద్యోగాలు. 2023 జనవరిలో కేంద్రం రూ.19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అయితే ఇలాంటి చోట్ల ఎక్కువ కొలువులు కెమికల్, ఎలక్ట్రికల్, సేఫ్టీ ఇంజినీర్లవే. ఉత్ప్రేరకాల డిజైన్ పోస్టులు తక్కువ, వాటికి దాదాపుగా పీహెచ్‌డీ కావాలి. ఆరేళ్లు ఓపిక పట్టలేకపోతే ప్లాంటు వైపే చూడండి, అందులో చిన్నతనమేమీ లేదు.

పీహెచ్‌డీకే మొగ్గితే, చేరేముందు ఆ ల్యాబ్ సీనియర్లతో ఓ టీ తాగుతూ ఇవి అడగండి. ఉత్ప్రేరకం పరీక్షను చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల దగ్గరే ఆపేస్తారా, పరిశ్రమలో లాగా వందల్లో నడిపి చూస్తారా? ఎన్ని గంటలు? కౌంటర్ ఎలక్ట్రోడ్ ఏది?