వైర్‌మన్ పర్మిట్: ఎవరికి, ఎందుకు?

ఇంట్లో దీపం, ఫ్యూజు, స్విచ్చు వంటివి సామర్థ్యం మారకుండా మార్చడానికి పర్మిట్ అక్కర లేదు. కొత్త వైరింగు వేయాలన్నా, ఉన్నదానిని పొడిగించాలన్నా చట్టం మూడు షరతులు విధించింది: పని లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా జరగాలి, యోగ్యతాపత్రం గల సూపర్‌వైజరు ప్రత్యక్షంగా పర్యవేక్షించాలి, పని చేసే వ్యక్తికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లేదా గుర్తించిన పర్మిట్ ఉండాలి.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శిక్షణ 2 సంవత్సరాలు. ఆ ధ్రువపత్రం విద్యకు గుర్తు, పర్మిట్ వేరు. కర్ణాటకలో పర్మిట్‌ను విద్యుత్ తనిఖీ శాఖ జారీ చేస్తుంది. సొంత రాష్ట్రపు పర్మిట్‌తో వలస వచ్చినవారు, దానికి ఈ రాష్ట్రంలో గుర్తింపు ఉన్నదీ లేనిదీ పని ఒప్పుకోకముందే శాఖలో విచారించుకోవాలి.

ఎర్తింగులోని లోపం కంటికి కనబడదు. గీజరు ముట్టుకున్న చేతికే అది తెలుస్తుంది. పర్మిట్ అడిగేది అందుకే.