చెరువులో చేప, సంఘంలో హక్కు: మేడ్చల్, శామీర్‌పేట మత్స్యకారులు తరచూ అడిగే ప్రశ్నలు

మృగశిర కార్తె దగ్గర పడితే నగరమంతా చేపలే అడుగుతుంది. అప్పటికి మన చెరువులో ఎంత చేప ఉంటుందన్నది వానాకాలంలోనే చాలావరకు తేలిపోతుంది. ఆ లెక్క తెలుసుకునే హక్కు సంఘంలోని ప్రతి సభ్యుడికీ ఉంది.

ప్ర: ఒక ఏడు దండిగా పడ్డ చేప మరుసటి ఏడు ఎందుకు పడదు?

జ: బొచ్చె, రవ్వ, మృగాల నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు నది పారుదల కావాలి. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో హార్మోన్ ఇంజెక్షన్‌తో వాటిచేత గుడ్లు పెట్టించారు. ఆ పద్ధతితోనే హేచరీలు పెరిగాయి. అంటే మన చెరువులో ఈ రకాలు పడాలంటే ముందు పిల్లలు వేయాలి. వాన ఆలస్యమైతే పిల్లలు ఆలస్యంగా దిగుతాయి, పెరిగే నెలలు తగ్గుతాయి. మత్తడి దుంకితే నీళ్లతో పాటు చేపా పోతుంది. కొర్రమీను చిన్న చేపపిల్లలను మింగేస్తుంది.

ప్ర: ప్రభుత్వం ఇచ్చే ఉచిత చేపపిల్లలు వచ్చిన రోజు మేమేం చూసుకోవాలి?

జ: ఈ పథకం 2016–17లో మొదలైంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80–100 మిల్లీమీటర్లవి ఇవ్వాలన్నది పథకం లెక్క. బండి రాగానే ఏదో ఒక సంచి మీరే ఎంచి, తొట్టిలో పోయించి, ఒక్కొక్కటీ లెక్కపెట్టించండి. కొన్నింటిని స్కేలు మీద పెట్టి కొలవండి. మిగతా సంచులను మూతి విప్పకుండా పావుగంట చెరువు నీళ్లలో తేలనివ్వండి. లోపలి నీళ్ల వేడి, బయటి నీళ్ల వేడి సమానం కాకపోతే పిల్లలు తట్టుకోలేవు. సంఖ్య తక్కువైతే కాగితం మీద ఆ తక్కువ సంఖ్యే రాసి సంతకం పెట్టండి.

ప్ర: సముద్రంలో లాగా చెరువుకూ వేట నిషేధం ఉందా?

జ: ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధం మన చెరువులకు వర్తించదు. కానీ సంఘం తనకు తాను కట్టుబాటు పెట్టుకోవచ్చు. మన రాష్ట్ర చేప కొర్రమీను చెరువులోనే ఈనుతుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైకి వచ్చిందంటే దాని కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. దాన్ని పడితే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. ఆ రోజుల్లో కొర్రమీను జోలికి పోవద్దనీ, సన్నకంటి వల వాడొద్దనీ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయండి.

ప్ర: క్యాట్‌ఫిష్ వేసుకోవచ్చా?

జ: వద్దు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అది చెరువులో పడితే మిగతా చేపలను బతకనివ్వదు.

ప్ర: చేపలు చచ్చి తేలితే ఎవరిని అడగాలి?

జ: 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చాయి. అలాంటిది జరిగితే మొదట సమయం రాసిపెట్టండి, ఫొటోలు తీయండి, శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి ఉంచండి. మత్స్య శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వ్యర్థాలను చెరువులో వదలడాన్ని 1974 నీటి చట్టం నిషేధిస్తుంది. నష్టపరిహారం కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఐదేళ్లలోపు వెళ్లవచ్చు.

ప్ర: వేటలో ప్రాణం పోతే?

జ: ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షల రూపాయలు. సభ్యుడు తన పేరు నమోదైందో లేదో ముందే చూసుకోవాలి.

ప్ర: సంఘం లెక్క చూపకపోతే?

జ: సహకార చట్టం కింద నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు పెట్టాలి. పెట్టకపోతే జిల్లా మత్స్య శాఖ అధికారికి ఫిర్యాదు చేయండి. మీ చెరువులో ఎన్ని పిల్లలు వదిలారో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ వంతుగా ఒక నోటుబుక్కు పెట్టండి: పిల్లలు దిగిన తేదీ, సంఖ్య, మత్తడి దుంకిన రోజు, రకాలవారీగా పడ్డ కిలోలు. మూడేళ్ల లెక్క చేతిలో ఉంటే ఏ ఆఫీసులోనైనా మీ మాటకు బలం ఉంటుంది.