మాటకీ పెదవికీ పొంతన ఎందుకు తప్పుతుంది? వీడియో లోపలి గడియారాల సంగతి

హీరో నోరు మూసేశాక డైలాగ్ వినిపిస్తోందా? డబ్బింగ్ సినిమా అయితే ఆ లెక్క వేరు, వదిలేయండి. లేదంటే మనం ముందు తిట్టుకునేది నెట్‌నే. కానీ నెట్ స్లో అయితే మామూలుగా బఫరింగ్ అవుతుంది, అంతే. పొంతన తప్పిందంటే ఎక్కడో టైమ్ లెక్క తేడా కొట్టిందన్నమాట.

వీడియో, ఆడియో విడివిడిగా కంప్రెస్ అయి ముక్కలుగా వస్తాయి. ఏ ముక్కని ఎప్పుడు చూపించాలో, ఎప్పుడు వినిపించాలో చెప్పే నంబరే పీటీఎస్, అంటే ప్రెజెంటేషన్ టైమ్ స్టాంప్. డీటీహెచ్‌లో వాడే ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో ఇది సెకనుకు 90,000 టిక్కుల లెక్కన నడుస్తుంది. ఆ నంబరే ఎందుకంటే 24, 25, 30 దేనితో భాగించినా శేషం రాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో ఒక్కో ఫ్రేమ్‌కి సరిగ్గా 3,750 టిక్కులు. 48 కిలోహెర్ట్జ్ ఏఏసీ ఆడియోలో 1,024 శాంపిళ్ల ముక్కకి 1,920. ఈ పీటీఎస్‌కి ఉన్నవి 33 బిట్లే కాబట్టి దాదాపు 26న్నర గంటలకోసారి మళ్లీ సున్నాకి వస్తుంది. రోజంతా నడిచే ఛానెళ్లకి ఇదో చిన్న తలనొప్పి.

సరే, టైమ్ టేబుల్ ఉంది. మరి ఏ గడియారం చూసి పాటించాలి? టీవీ ప్రసారంలో పంపేవాళ్లే తమ 27 మెగాహెర్ట్జ్ గడియారం రీడింగ్‌ని గరిష్ఠంగా 100 మిల్లీసెకన్లకోసారి స్ట్రీమ్‌లో పెడతారు. దీని పేరు పీసీఆర్. సెట్‌టాప్ బాక్స్ తన గడియారాన్ని దాన్ని చూసి దిద్దుకుంటూ ఉంటుంది. అలా చెయ్యకపోతే బఫర్ మెల్లగా నిండిపోతుంది, లేదా ఖాళీ అయిపోతుంది.

ఫోన్‌లో కథ వేరు. సౌండ్‌ని నడిపే గడియారం ఒకటి, సిస్టమ్ గడియారం ఇంకొకటి అనుకోండి. రెండింటి మధ్య పది లక్షల్లో 30 వంతుల తేడా ఉన్నా గంటకి 108 మిల్లీసెకన్లు, రెండున్నర గంటల సినిమాకి 270 మిల్లీసెకన్లు అవుతుంది. అందుకే చాలా ప్లేయర్లు ఆడియోనే పెద్దన్నగా పెట్టుకుని, వీడియోని దాని వెనకాల నడిపిస్తాయి. ఒక ఫ్రేమ్ ఎగిరిపోయినా కన్ను పెద్దగా పట్టించుకోదు. చెవి అలా కాదు, చిన్న చిటుక్కు కూడా పట్టేస్తుంది.

ఎంత తేడా వరకు తెలియదు? ఐటీయూ లెక్క ప్రకారం మాట 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా పసిగట్టేస్తాం. ఆలస్యాన్ని ఎక్కువ ఓర్చుకోవడం సహజమే. మెరుపు ముందు, ఉరుము తర్వాత, మనకి అలవాటేగా!

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో సౌండ్ ఎలాగూ ఆలస్యం. ఆ ఆలస్యం ఎంతో తెలిస్తే ప్లేయర్ వీడియోని కూడా అంతే ఆపి చూపిస్తుంది. గేమ్‌లో ఆ వీలుండదు. మీరు ట్యాప్ చేశాకే కదా సౌండ్ పుట్టేది! అందుకే సినిమా బాగున్న ఇయర్‌బడ్స్‌లోనే గేమ్ తేడాగా అనిపిస్తుంది.

ఈసారి సమస్య వస్తే సినిమా మొదట్లో ఒకసారి, గంట తర్వాత ఒకసారి గమనించండి. తేడా రెండుచోట్లా ఒకేలా ఉంటే వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో ఆడియో డిలే మారిస్తే సరిపోతుంది. పెరుగుతూ పోతుంటే మాత్రం ఆ సెట్టింగ్‌తో లాభం లేదు. ఇంకో ప్లేయర్‌లో కూడా అలాగే ఉంటే ఫైల్ తయారీలోనే లెక్క తప్పి ఉండొచ్చు, వేరే కాపీ చూసుకోవడమే.