కూలీల కొరత నుంచి కొయ్యకాళ్ల మంట దాకా

2011 జనగణన ప్రకారం దేశంలో సాగుదారులు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. అయినా నాట్లకు, కోతలకు మనుషులు దొరకడం గగనమే. ఊరంతటికీ పని ఒకేసారి పడుతుంది. యువత పట్నాల బాట పట్టింది. తెలంగాణ పొలాల్లో ఇప్పుడు బీహార్, పశ్చిమ బెంగాల్ కూలీలు నాట్లు వేస్తున్నారు.

ఈ కొరత పర్యావరణానికి ఎలా ముప్పు తెస్తుందో పంజాబ్ చెబుతుంది. అడుగంటుతున్న భూగర్భజలాన్ని కాపాడేందుకు 2009లో అక్కడ ప్రత్యేక చట్టం తెచ్చారు. జూన్ 10కి ముందు వరి నాట్లు నిషేధించారు. దాంతో కోతలు ఆలస్యమై, గోధుమ విత్తడానికి వ్యవధి తగ్గింది. కూలీలకు బదులు వచ్చిన వరికోత యంత్రాలు కొయ్యకాళ్లు మిగిల్చాయి. వాటిని తగలబెడితే ఢిల్లీ దాకా పొగ!

మరి పరిష్కారం? నారు, నాట్లు లేకుండా నేరుగా విత్తే వెద పద్ధతి కూలీలను, నీటిని ఆదా చేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు వెళ్లిపోయినప్పుడు పంజాబ్ రైతులు దీన్ని పెద్దయెత్తున చేపట్టారు. కలుపు బెడదే దీని ప్రధాన లోపం.

గుర్తుంచుకోండి: 2022లో పంజాబ్ ప్రభుత్వం వెద వరికి ప్రకటించిన ప్రోత్సాహకం ఎకరాకు రూ.1,500.