అద్దె ఇంటిలో నిలబెట్టే చేయూత

అపోస్తలుల కార్యముల గ్రంథం చివరి అధ్యాయాన్ని (28:30) ఎప్పుడైనా నిదానంగా చదివారా? పునీత పౌలు రోము నగరంలో రెండేళ్లపాటు అద్దె ఇంట్లో ఉన్నాడని లూకా వ్రాశాడు. కావలిలో ఉన్న మనిషి గుడారాలు కుట్టి సంపాదించుకోలేడు. చెరనుండి వ్రాసిన లేఖలో ఆయన ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు ద్వారా పంపిన సహాయాన్ని కృతజ్ఞతతో తలచుకున్నాడు (ఫిలిప్పీ 4:18). ఆ ఎపఫ్రొదితు సొమ్ము ఇచ్చి వెళ్లిపోలేదు, దగ్గరే ఉండి పరిచర్య చేశాడు. నేటి పాఠం ఈ రెండవ సంగతిని గురించే.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అద్దె బకాయి పడేది ఎవరు? నెల్లిమర్ల జనపనార మిల్లు లాకౌటు పడిన ప్రతిసారీ కార్మికుల ఇళ్లలో ఏమి జరిగిందో అక్కడివారికి తెలుసు. ముందు కిరాణా ఖాతా పెరుగుతుంది, తరువాత అద్దె ఆగుతుంది, ఆపైన పిల్లల బడి ఆగుతుంది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు వచ్చిన ఇంట కూడా ఇదే వరుస. డయాలసిస్ మొదలైతే కూలికి వెళ్లే చేతులు రెండు తగ్గుతాయి, ప్రయాణాల ఖర్చు పెరుగుతుంది.

ఇటువంటి కుటుంబానికి ఒక నెల అద్దె చేతిలో పెట్టి వచ్చేస్తే, వచ్చే నెల మళ్లీ అదే బాకీ. అద్దె బకాయి జ్వరం వంటిది. జబ్బు వేరే చోట ఉంటుంది. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం 2019లో పింఛను నెలకు 10,000 రూపాయలకు పెంచింది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. కాని కాగితాలు సరిగా లేక పింఛను రానివారి వెంట కార్యాలయానికి ఎవరు వెళతారు? నూటికి ఐదు వడ్డీకి అప్పు తెచ్చి అద్దె కడుతున్న తల్లికి డ్వాక్రా సంఘం దారి ఎవరు చూపిస్తారు? ఇల్లు నిలబెట్టే సేవ అంటే ఇదే.

1833లో పారిస్ నగరంలో ఇరవై ఏళ్ల విద్యార్థి ఫ్రెడరిక్ ఓజనాం తన మిత్రులతో ప్రారంభించిన పునీత విన్సెంట్ ది పౌల్ సభ పద్ధతి ఇంటికి వెళ్లి చూచుట. న్యూయార్కులో 1992లో శాం సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వీధులలో బ్రతుకుతున్న మానసిక రోగులకు ముందు అద్దె ఇల్లు చూపించి, ఆపైన వారి ఇంటికే సేవకులను పంపాడు. అయిదేళ్ల తరువాత చూస్తే నూటికి 88 మంది ఇళ్లలోనే ఉన్నారు. ఇది సాధ్యం కాదన్నవారు అప్పట్లో చాలామంది!

ఇంటి యజమానిని శత్రువుగా చూడకండి. మన పట్టణాల్లో ఆ రెండు గదుల అద్దె మీదనే బ్రతికే విధవరాళ్లు, రిటైరైన గుమస్తాలు ఉన్నారు. బాకీ మూడు నెలలకు చేరకముందే విచారణ పెద్దలు ఇద్దరు వెళ్లి, "అమ్మా, ఇంత ఇప్పుడు, మిగతాది వాయిదాల్లో" అని మాట్లాడితే చాలా తగవులు అక్కడే ఆగుతాయి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి.

మాటతో కుదరకపోతే చట్టం ఉంది. అధికారి లేక న్యాయస్థానం ఉత్తర్వు లేకుండా సామాను వీధిలో పడవేయడం, నీళ్లు, కరెంటు ఆపడం చెల్లదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు ఉచితంగా న్యాయవాది దొరుకుతాడు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి.

అదే 1987లో రోము నగరంలోని న్యాయ శాంతి సంఘం వెలువరించిన పత్రం, నిరాశ్రయుడైన నీ సోదరునికి ఏమి చేశావని అడిగింది. లేవీయ కాండం 25:35 చదివి, మీ ప్రార్థన కూటమిలో ఈ వారం దీనిని చర్చించండి: మన వీధిలో రెండు నెలల అద్దె బాకీపడి, పూజకు రావడం కూడా మానేసిన కుటుంబం ఏది? వారింటికి వెళ్లే ఇద్దరు ఎవరు?