న్యాయనిర్ణేత కుర్చీలో మీరు కూర్చుంటే

మీ పాఠశాలలో సైన్సు ఫెయిర్ జరిగిన రోజు గుర్తు చేసుకోండి. బల్లల మీద థర్మోకోల్ ఆనకట్టలు, గాలిమరలు, అట్టతో చేసిన గుండె, సీసాల్లో మొలకెత్తిన గింజలు. చేతిలో కాగితాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు మాస్టార్లు వస్తారు. రెండు ప్రశ్నలు అడిగి, ఏదో రాసుకుని ముందుకు పోతారు. సాయంత్రం బహుమతులు ప్రకటిస్తారు. కొందరు చప్పట్లు కొడతారు. కొందరు "మాకెందుకు రాలేదు?" అని చిన్నబుచ్చుకుంటారు. ఇంతకీ ఆ కాగితంలో ఏముంటుంది? మార్కులు ఎలా వేస్తారు?

ఇది మాస్టార్ల పని, మాకెందుకు అంటారా? మీలో కొందరు రేపు బి.ఇడి. చదివి సైన్సు ఉపాధ్యాయులు అవుతారు. అప్పుడు ఆ కాగితం మీ చేతికే వస్తుంది. తీర్పు చెప్పడం ఈత లాంటిది. పుస్తకం చదివితే రాదు, దిగితేనే వస్తుంది. అందుకని ఇప్పటినుంచే అభ్యాసం చేద్దాం. ఇంకో లాభం కూడా ఉంది. ప్రయోగాన్ని తూచడం తెలిసినవాడికి మంచి ప్రయోగం చేయడం కూడా తెలుస్తుంది.

మార్కుల కాగితం

మన దేశంలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) 1971లో పిల్లల కోసం జాతీయస్థాయి సైన్సు ప్రదర్శన ప్రారంభించింది. ఆ మండలి మార్గదర్శకాలలో నూరు మార్కుల పంపకం ఒకటి ఇలా ఉంది:

పిల్లల సొంత సృజన, ఊహ – 20
కొత్తదనం – 15
శాస్త్రీయమైన ఆలోచన, సూత్రం, పద్ధతి – 15
సాంకేతిక నైపుణ్యం, పనితనం – 15
ఉపయోగం, విద్యాపరమైన విలువ – 15
తక్కువ ఖర్చు, మన్నిక, మోసుకుపోయే వీలు – 10
వివరించి చూపే తీరు – 10

ఈ పట్టికను ఇంకోసారి చూడండి. ఖరీదుకు మార్కులు లేవు. పైగా తక్కువ ఖర్చుకు మార్కులున్నాయి! అన్నిటికంటే పెద్ద వాటా పిల్లల సొంత ఆలోచనకు దక్కింది. పట్నంలో కొనితెచ్చిన నమూనా ఎంత తళతళలాడినా ఆ 20 మార్కుల దగ్గర నిలవలేదు. ఇక కాగితం పట్టుకుని రెండు బల్లల దగ్గరకు వెళ్దాం.

మొదటి బల్ల: ఆనకట్ట

పైన డబ్బాలో 5 లీటర్ల నీళ్లున్నాయి. అవి అర మీటరు కిందికి పడి చక్రాన్ని తిప్పుతున్నాయి. చక్రానికి చిన్న డైనమో ఉంది. నిమిషం పాటు టార్చిలైటు బల్బు ధగధగా వెలిగింది. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. న్యాయనిర్ణేత మాత్రం మనసులో చిన్న లెక్క వేసుకోవాలి.

పడే నీటి శక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు = 5 × 9.8 × 0.5 = 24.5 జౌళ్లు. దీన్ని 60 సెకన్లకు పంచితే సెకనుకు 0.4 జౌలు, అంటే 0.4 వాట్లు. బల్బు మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉంది. అది నిండుగా వెలగాలంటే 2.5 × 0.3 = 0.75 వాట్లు కావాలి. చుక్క శక్తి కూడా వృథా కాలేదనుకున్నా, వచ్చేది కావలసినదానిలో సగం పైచిలుకు మాత్రమే. మరి ఆ వెలుగు ఎక్కడిది? బల్ల కింద బ్యాటరీ ఉండి ఉండాలి.

ఇప్పుడు ఏం చేస్తారు? "మోసం!" అని అరుస్తారా? అలా చేస్తే ఆ పిల్లవాడు సైన్సు పేరు చెబితేనే భయపడతాడు. "బాబూ, ఈ తీగ ఎక్కడిదాకా పోతుందో చూపిస్తావా?" అని మెల్లగా అడగండి. "డైనమో కరెంటు చాలలేదండీ, అందుకని బ్యాటరీ పెట్టాను" అని చెబితే ఆ నిజాయితీని గుర్తించండి. ఆ సంగతి ఒక చీటీ మీద రాసి అంటించమనండి. తరవాత ఒక దారి చూపండి. చిన్న ఎల్.ఇ.డి. దీపానికి 2 వోల్టులు, 0.02 ఆంపియర్లు, అంటే 0.04 వాట్లు చాలు. బ్యాటరీ తీసేసి దానితో ప్రయత్నించవచ్చు కదా! తప్పు పట్టుకోవడం సగం పనే. దారి చూపితేనే పని పూర్తవుతుంది.

రెండో బల్ల: మట్టికుండలు

ఇక్కడ ఏ హంగూ లేదు. ఒకే సైజు మట్టికుండలు రెండు, ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం. ఒక కుండకు బయటంతా నూనెరంగు పూశారు. రెంటిలోనూ 2 కిలోల నీళ్లు పోసి, మూతలు పెట్టి, ఒకే నీడలో ఉంచారు. మూడు గంటల తరవాత రంగు వేయని కుండలో నీరు 5 డిగ్రీలు చల్లబడింది, కుండ బరువు 30 గ్రాములు తగ్గింది. రంగు వేసిన కుండలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

రెండో కుండ ఎందుకు పెట్టారో గమనించారా? రెంటికీ తేడా ఒక్కటే, ఆ రంగు. అది మట్టి రంధ్రాలను మూసేసింది. కాబట్టి చల్లదనానికి కారణం రంధ్రాల గుండా వచ్చిన నీరు ఇగరడమేనని ధైర్యంగా చెప్పవచ్చు. ఒక్క కుండతో ఈ మాట చెప్పలేం.

నోటుపుస్తకంలో లెక్క కూడా ఉంది. ఆ వేడిమి దగ్గర ఒక గ్రాము నీరు ఇగరడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. 30 గ్రాములకు 17,400 కెలోరీలు. 2,000 గ్రాముల నీటి నుంచి అంత ఉష్ణం పోతే సుమారు 9 డిగ్రీలు తగ్గాలి. కానీ వచ్చింది 5. ఆ అమ్మాయి 5ను కొట్టేసి 9 అని రాయలేదు. "కుండ కూడా చల్లబడాలి కదండీ. పైగా బయటిగాలి నుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది" అని జవాబు చెప్పింది.

ఆనకట్ట చుట్టూ జనం, ఈ బల్ల దగ్గర ఎవరూ లేరు. మీరు ఎవరికి ఎక్కువ మార్కులు వేస్తారు? ఈ అమ్మాయిని దాటి వెళ్లిపోతే, ఉన్నది ఉన్నట్టు రాసేవాళ్లకు విలువ లేదని బడిలోని పిల్లలందరికీ నేర్పినట్టవుతుంది. బహుమతి ఎవరికి వచ్చిందో చూసే వచ్చే ఏడాది పిల్లలు ఏం చేయాలో నిర్ణయించుకుంటారు.

తక్కెడకు పాసంగం

తూచేవాడి తక్కెడ సరిగా ఉందా అనేది కూడా చూడాలి. ఫెయిర్‌లో 40 ప్రదర్శనలు, 3 గంటల సమయం ఉందనుకోండి. ఒక్క బృందమే అన్నీ చూస్తే ఒక్కొక్కదానికి నాలుగున్నర నిమిషాలే. నోటుపుస్తకం తిరగేయడానికి కూడా చాలదు. రెండు బృందాలైతే ఒక్కొక్కరికి 20. ఎనిమిదేసి నిమిషాలు ఇచ్చినా 160 నిమిషాల్లో పూర్తయి, మాట్లాడుకోవడానికి 20 నిమిషాలు మిగులుతాయి.

కానీ కొత్త చిక్కు వస్తుంది. ఒకరిది పిసినారి చెయ్యి, ఇంకొకరిది ధారాళమైన చెయ్యి. అందుకని మొదట ఏవైనా మూడు ప్రదర్శనలకు రెండు బృందాలూ విడివిడిగా మార్కులు వేయాలి. మొదటి బృందం 72, 64, 56 వేసింది, సగటు 64. రెండోది వాటికే 84, 76, 68 వేసింది, సగటు 76. వరస ఒకటే, తేడా 12. ఖాళీ తక్కెడ ఒక పక్కకు వాలితే పాసంగం కడతాం కదా, ఇక్కడ పాసంగం 12 మార్కులు. తరవాత మొదటి బృందం ఒకరికి 70, రెండో బృందం ఇంకొకరికి 78 వేస్తే పైకి 78 గొప్ప. కానీ 70కి 12 కలిపితే 82. ఆ సర్దుబాటు చేయకపోతే మంచి ప్రయోగం ఓడిపోయేదే!

వరస కూడా కలవకపోతే పాసంగం పనిచేయదు. అప్పుడు రెండు బృందాలూ కూర్చుని, దేనికి ఎందుకు అన్ని మార్కులు వేశారో మాట్లాడుకోవాలి. తమ బడి పిల్లలకు, తమ బంధువుల పిల్లలకు మార్కులు వేయకుండా పక్కకు తప్పుకోవడం మొదటినుంచీ నియమంగా ఉండాలి.

మీరే చేసి చూడండి

1. మీ తరగతిలో ఆరు ప్రదర్శనలతో చిన్న ఫెయిర్ పెట్టండి. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులు వేయాలి. తరవాత ముగ్గురి వరసలు పోల్చండి.

2. ప్రతి ప్రదర్శనకూ రెండు వాక్యాలు రాసివ్వండి. ఒకటి అందులో మీకు నచ్చినది, రెండోది ఇకముందు చేయదగినది. బహుమతి రానివారికి కూడా ఇవి తప్పక అందాలి.

3. నీటిచక్రానికి నీరు 1 మీటరు ఎత్తునుంచి పడితే, అదే 5 లీటర్లు నిమిషంలో ఎన్ని వాట్లు ఇవ్వగలవు? ఆ టార్చి బల్బు నిండుగా వెలుగుతుందా? డైనమోలో జరిగే వృథాను మరిచిపోకుండా జవాబు రాయండి.